తుక్కు కుప్ప మీద ఫోటో

నవోమి కింద కూర్చోలేదు. సాయంత్రం బడికి వచ్చిన మిగిలిన ఎనిమిది మందీ చాప మీద పలకలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల గోడ పక్కన నిలబడి, మోచేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని ఉంది.

"కూర్చో అమ్మా," అంది కరుణాకుమారి.

"ఈడే బాగుండాది టీచరమ్మా."

కరుణాకుమారి లాంతరు తీసుకుని దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం కమిలి ఉంది. దాని మీద గీతలు. గీతల్లో అభ్రకం పొడి మెరుస్తోంది. ఎడమ చెంప మీదా అంతే.

"ఏమైంది?"

నవోమి చెయ్యి వెనక్కి లాక్కుంది. చాప మీది నుంచి క్రీస్తుదాసు చెప్పాడు. "జీపొచ్చినాది టీచరమ్మా. మమ్మల్నందర్నీ కుప్ప మీద పండబెట్టినారు. నవోమి అటు చివర పడినాది. ఆడ నీడ లేదు."

"నీకు మాత్రం ఉండిందా నీడ?" అంది ఎలిశబెతు. "నీ ఈపు చూపించు టీచరమ్మకు."

క్రీస్తుదాసు చూపించలేదు. నవ్వి పలక మీద ఏదో గీశాడు.

గూడూరు స్టేషనుకు పడమట రైలు గేటు దాటితే పాలెం, పాలేన్ని ఆనుకుని మైకా షెడ్డు. గనుల నుంచి బళ్ళ మీద వచ్చిన అభ్రకం పలకల అంచుల్ని షెడ్డులో ఆడవాళ్ళు కొడవళ్ళతో కోస్తారు. కోసిన పలకను పొరలుగా విడదీసేది పిల్లలు. బొటనవేలి గోటితో అంచు పట్టుకోవాలి, చాకు మొన దూర్చాలి, చిరగకుండా ఒక్క లాగులో తీయాలి. ఆ పనికి పెద్దవాళ్ళ వేళ్ళు లావు. పనికిరాని తుక్కు షెడ్డు వెనక పోస్తారు. అది పెరిగి మనిషెత్తు కుప్ప అయింది.

ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు జీపు రైలు గేటు దగ్గర మలుపు తిరగ్గానే వాచ్‌మన్ వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద కొడతాడు. పిల్లలు వెనక తలుపు నుంచి బయటికి పరిగెత్తి కుప్ప అవతలి వాలు మీద బోర్లా పడుకుంటారు. జీపు పోయి మేస్త్రి వచ్చి లేవమనేదాకా తల ఎత్తకూడదు. మార్చి ఎండలో ఆ తుక్కు పెనంలా కాలుతుంది.

కరుణాకుమారి పిల్ల చేతికి కొబ్బరినూనె రాసింది. ఆ సాయంత్రం ఎక్కాలు ఒప్పజెప్పించుకోలేదు. పలకలు ముందు పెట్టుకుని నలుగురు అప్పటికే నిద్రపోయారు. రోజూ అంతే. షెడ్డు వదిలాక వచ్చే పిల్లలు రెండో ఎక్కం సగంలో తూగుతారు. పొద్దుటి బడికి వస్తే నేర్చుకుంటారు. పొద్దుటి బడిలో వీళ్ళలో ఒక్కరూ లేరు.

మర్నాడు షెడ్డు తెరవకముందే ఆమె సమాధానం దగ్గరికి వెళ్ళింది. సమాధానం షెడ్డుకు మేస్త్రి. పాలెం చర్చిలో సంఘ పెద్ద కూడా. షెడ్డు అరుగు మీద కూర్చుని పాత చీర చించి వేళ్ళకు చుట్టుకునే పేలికలు తయారు చేస్తున్నాడు. ఒక పక్క వెడల్పు పేలికలు వేస్తున్నాడు. ఇంకో పక్క సన్నవి.

"రండి టీచరమ్మా. కూర్చోండి."

"పొద్దుటి పూట పిల్లల్ని బడికి వదలండన్నా. మధ్యాహ్నం నుంచి మీ దగ్గరే ఉంటారు."

"ఏ పిలకాయలమ్మా?"

"మీ షెడ్డు పిల్లలు."

"మా షెడ్డులో పిలకాయలు లేరే." సమాధానం గుడ్డ అంచు పళ్ళతో కొరికి చించాడు. "నిన్ననే గవర్నమెంటాయన వచ్చినాడు. చూసుకున్నాడు, రాసుకున్నాడు, పోయినాడు. శుక్రవారం నెల్లూరు నుంచి ఇంకో పెద్దాయన్ని పిలుచుకొస్తాడంట. ఆయనా చూసుకుంటాడు."

కరుణాకుమారి సన్న పేలికల వైపు చూసింది. "అవి ఎవరి వేళ్ళకు?"

సమాధానం వాటిని చేత్తో దగ్గరికి పోగుచేశాడు. "సంఘంలో మీరు పెద్ద కదన్నా," అందామె.

"సంఘంలో పెద్దనే. షెడ్డులో కూలోణ్ణి." అతని గొంతు పెరగలేదు. "ఓనరు పద్మనాభయ్య గారు ఇది మూసేసి తాళమేసుకుని పోతే ఆయనకేం? నెల్లూరులో పొలాలుండాయి. ఈ పాలెమంతా వచ్చి మీ బడిలో కూర్చోవాల. కూర్చుంటే మీరు కూడు పెడతారా?"

అతను పేలికలు బుట్టలో వేసుకుని లోపలికి పోయాడు.

ఆ మధ్యాహ్నం బడి వదిలాక కరుణాకుమారి రైలు గేటు దాటి హెబ్రోను స్టూడియోకు వెళ్ళింది. హెబ్రోను స్టేషను రోడ్డులో పెళ్ళి ఫోటోలు తీస్తాడు. చనిపోయిన వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి కూడా తీస్తాడు. ఆమె సంగతి చెప్పింది. పిల్లలున్నారనడానికి సాక్ష్యంగా షెడ్డులో ఒక ఫోటో తీసిపెట్టమని అడిగింది.

"నన్నెవరు రానిస్తారు అక్కా లోపలికి?" అన్నాడు హెబ్రోను. "రానిచ్చినా ఆ చీకట్లో ఏం పడతాది? ఇంతింత బల్బులు రెండుండాయి. ఇంకోటి చెప్తా వినండి. పద్మనాభయ్య గారి కూతురి పెళ్ళి నేనే తీసినాను. రెండో కూతురిదీ నేనే తీయాల."

ఆమె లేచింది. హెబ్రోను ఆమెను గుమ్మం దాకా పోనిచ్చి పిలిచాడు. బల్ల కింది నుంచి నల్లటి పెట్టె ఒకటి తీసి దుమ్ము దులిపాడు.

"పలకలు పట్టుకుని నిద్రపోతా ఉండారంటిరే పిలకాయలు. ఇదివ్వండి, నిద్రపోరు. నేను నేర్చుకున్న కెమెరా ఇది. ఫిలిం దొరకడం లేదక్కా, మద్రాసులోనే లేదంట. రెండు రోళ్ళు ఇస్తా. రోలుకు ఎనిమిది ఫోటోలు. కడిగేది నా పని."

కెమెరా పట్టుకోవడం అతనే నేర్పాడు. పొట్టకు ఆనించుకోవాలి. పైనున్న అద్దంలోకి వంగి చూడాలి. ఎండ వీపు వైపు ఉండాలి. ఊపిరి బిగబట్టి మీట నొక్కాలి. నొక్కాక వెనకనున్న ఎర్రటి కంతలో అంకె మారేదాకా ఫిలిం చుట్టే చెవి తిప్పాలి.

బుధవారం షెడ్డు వదిలేసరికి ఇంకా పొద్దుంది. కరుణాకుమారి పిల్లల్ని లోపలికి పిలవలేదు. బడి ముందు వరసగా నిలబెట్టి, పెట్టె తెరిచి, ఫిలిం ఎక్కించి చూపించింది.

"ఒక్కొక్కరికి ఒక్కటి. మీకు ఏది కావాలంటే అది తీయండి."

"ఏదైనానా?" అన్నాడు క్రీస్తుదాసు.

"ఏదైనా."

బయట కుడి నుంచి వచ్చే మనిషి అద్దంలో ఎడమ నుంచి వస్తాడు. అది చూసి నవ్వడానికే కాసేపు పట్టింది. ముత్యాలయ్య చర్చి గంట తీశాడు. ఎలిశబెతు వాళ్ళ కోడిని తీసింది. అది కదలకుండా ఉండాలని వాళ్ళ తమ్ముడు దాన్ని పట్టుకున్నాడు, కోడి వాడి మొహం మీద రెట్ట వేసింది. క్రీస్తుదాసు రైలు కోసం గేటు దగ్గర నిలబడ్డాడు. రైలు పోయేటప్పుడు ఊపిరి బిగబట్టి, అది పోయాక కూడా వదలడం మరిచిపోయాడు. ఒక పిల్ల వాళ్ళ అమ్మ వంట చేస్తుంటే తీసింది. "నా మొగం తీస్తావా, కూర తీస్తావా?" అని అమ్మ గరిటె ఎత్తింది.

ఎనిమిది అయిపోయాయి. వరస చివర నిలబడిన నవోమి మిగిలిపోయింది.

"తర్వాత రోల్లో మొదటిది నీదే," అంది కరుణాకుమారి. పిల్ల మొహం చూసి, "రోలు బయటికి తీసే పని నీది," అంది.

నవోమి చెవి ఆఖరుదాకా తిప్పింది. పెట్టె తెరిచింది. రోలు తీసి చేతిలో పట్టుకుంది. అప్పుడే జకరయ్య పాస్టరు గారు కోతపండుగ సంగతి మాట్లాడడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆదివారం పండుగ. ప్రతి తరగతీ ఏదో ఒక కానుక తేవాలి. పోయినేడు సాయంత్రం బడి పిల్లలు గుమ్మడికాయ తెచ్చారు, ఈసారి ఏం తెస్తారని ఆయన అడిగారు. కరుణాకుమారి జవాబు చెప్పి వెనక్కి తిరిగింది.

నవోమి అరుగు మీద కూర్చుని ఉంది. ఒడిలో రెండు చుట్టలున్నాయి. ఒకటి నల్ల కాగితం. ఒకటి ఫిలిం.

"దీంట్లో రెండు పొరలుండాయి టీచరమ్మా," అంది నవోమి. బొటనవేలి గోరు ఇంకా ఫిలిం అంచు కిందే ఉంది. "అంటుకుని ఉండాయి. తీసేసినాను. చూడండి, యాడా చిరగలా."

ఫిలిం పొడుగునా ఎక్కడా గీత లేదు. కాగితం ఎక్కడా నలగలేదు. కరుణాకుమారి దాన్ని అందుకుని వెలుగుకు పట్టి చూసింది. చూసేదేమీ లేదని తెలిసినా చూసింది. తర్వాత ఆ పిల్ల పక్కన అరుగు మీద కూర్చుంది.

"బాగా తీశావమ్మా," అంది. "నేనే చెప్పలేదు. దీనికి వెలుగు తగలకూడదు. తగిలితే బొమ్మలు పోతాయి."

"ఎన్ని పోతాయి?"

"అన్నీ."

పిల్లలు దగ్గరికి వచ్చారు. క్రీస్తుదాసు అడిగాడు. "నా రైలు పోయిందా?"

"పోయింది."

"మా కోడిని చంపేసినావు కదే," అంది ఎలిశబెతు. ముత్యాలయ్య నవ్వాడు గాని మిగతావాళ్ళు నవ్వలేదు. ఒక్కొక్కరే పలకలు తీసుకుని ఇళ్ళకు పోయారు. ఆ సాయంత్రం పాఠం జరగలేదు. నవోమి అరుగు దిగకుండా ఒడిలోని నల్ల కాగితాన్ని మళ్ళీ చుట్టింది, విప్పింది, చుట్టింది.

గురువారం సాయంత్రం పిల్లలు నవోమికి ఎడంగా కూర్చున్నారు. చాప మీద ఆ పిల్ల పక్కన ఇద్దరు కూర్చునే చోటు ఖాళీగా ఉండిపోయింది. బడి వదిలాక నవోమి వెనక నిలబడింది.

"రెండో రోల్లో మొదటిది నాదే అన్నారు కదా టీచరమ్మా."

"నీదే. ఇప్పుడు వెలుగు లేదు."

"ఇంటికి తీసుకుపోతా. రేపు తీసి తెస్తా. మూత తెరవను. ఒట్టు."

అప్పుగా తెచ్చిన కెమెరా. ఇక దొరకని ఫిలిం. కరుణాకుమారి ఖాళీగా ఉండిపోయిన ఆ చోటు వైపు చూసింది. కెమెరా తువాలులో చుట్టి ఇచ్చింది.

శుక్రవారం పది దాటాక పట్టా ముక్క మీద దెబ్బలు వినపడ్డాయి. కరుణాకుమారి పొద్దుటి బడి పిల్లల చేత పద్యం చెప్పిస్తోంది. ఆపి, గుమ్మం దాకా వచ్చింది. రోడ్డు మీద దుమ్ము లేచింది. ఈసారి రెండు జీపులు. అక్కడి నుంచి షెడ్డు ముందరి గోడ కనిపిస్తుంది గాని కుప్ప కనిపించదు. ఆమె లోపలికి వచ్చి పద్యం మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది. జీపులు తిరిగి పోయేసరికి బడి వదిలే పొద్దయింది.

సాయంత్రం నవోమి అందరికంటే ముందు వచ్చింది. చేతిలో సద్దిమూట. మూట విప్పి, గిన్నె పక్కకు పెట్టి, దాని కింది నుంచి కెమెరా తీసింది.

"తీసినాను. అందరూ పడినారు."

"ఎవరందరూ?"

"మా వాళ్ళందరూ. వాళ్ళవి పోగొట్టినాను కదా. ఒక్కొక్కరివి తీయాలంటే ఎనిమిది కావాల. ఒక్కదాంట్లోనే అందరూ పడాలంటే అందరూ ఒక చోట ఉండాల." పిల్ల ఊపిరి తీసుకుంది. "షెడ్డులో చీకటి. కుప్ప కాడ ఎండ. జీపొస్తే అందరం ఆడే ఉంటాం."

ఆ పిల్ల పనికి కెమెరా తీసుకుపోతుందని కరుణాకుమారి అనుకోలేదు. ఇంటి దగ్గర మేకనో, తమ్ముడినో తీస్తుందనుకుంది.

"నువ్వు లేచి నిలబడ్డావా?"

"నిలబడితేనే కదా అందరూ కనిపించేది. ఇటు తిరగండి, తలెత్తండి అన్నాను. ఎత్తలా. బయపడినారు. ఎండ మాత్రం ఈపు మీదనే ఉండింది టీచరమ్మా, మీరు చెప్పినట్టే."

"మేస్త్రి?"

"జీపు కాడుండాడు."

మిగతా పిల్లలు వచ్చారు. చాప మీద ఈసారి ఖాళీ లేదు. రోల్లో ఇంకా ఏడు ఉన్నాయి. పొద్దు వాలకముందే మళ్ళీ గంట తీశారు, కోడిని తీశారు, వంట చేసే అమ్మను తీశారు. ఒకరికి చాలలేదు. క్రీస్తుదాసు తనకు అక్కర్లేదన్నాడు. "నవోమి తీసిన దాంట్లో అందరికంటే ముందర నేనే ఉండాను. రైలెందుకు?"

రోలు కరుణాకుమారి తన చేత్తోనే తీసింది. నాలుకతో తడిచేసి కాగితం అంటించింది. ఆ చీకట్లోనే గేటు దాటి వెళ్ళి హెబ్రోనుకు ఇచ్చి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం హెబ్రోను కాగితం కవరు ఇచ్చాడు. అందులో ఏడు చిన్న ఫోటోలున్నాయి. ఎనిమిదో దాన్ని పెద్దది చేసి అట్టకు అంటించాడు.

"ఎవరు తీసినారక్కా ఇది?"

"ఒక పాప."

"నేను ఇంకో రెండు తీసి దాచుకున్నాను," అన్నాడు హెబ్రోను.

ఫోటోలో కుప్ప తెల్లగా పడింది. దాని మీద ఎనిమిది వీపులు, ఎనిమిది తలలు, పదహారు అరికాళ్ళు. తలలన్నీ చేతుల మధ్య దూర్చి ఉన్నాయి. కింది అంచున నిలబడిన మనిషి నీడ ఒకటి ఉంది. నీడకు మోచేతులు ఎడంగా ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పంపుతాను," అందామె.

హెబ్రోను తల అడ్డంగా ఊపాడు. "మొగాలు లేవు కదక్కా. ఏ షెడ్డు, ఎవురి పిలకాయలు, ఎవరు చెప్పాల? ఈతకు పోయి ఇసకలో పడుకున్నారంటారు. అదయినా అడిగితే. షెడ్డు వాళ్ళని పిలిచి ఈ పిలకాయలు మీవాళ్ళేనా అంటారు. కాదంటారు. అయిపోయె."

ఆమె బడికి వచ్చేసరికి అరుగు మీద నవోమి తల్లి ప్రేమలీల కూర్చుని ఉంది. షెడ్డు నుంచి అలాగే వచ్చింది. వెంట్రుకల మీద, రెప్పల మీద అభ్రకం పొడి.

"ఇవ్వండి టీచరమ్మా ఆ ఫోటో. చించేస్తాను."

కరుణాకుమారి కవరు ఇవ్వలేదు. దాచనూ లేదు. ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"నవోమి చెప్పిందా?"

"అది చెప్పాలనా? పాలెమంతా చెప్తా ఉండాది." ప్రేమలీల చెంగుతో మొహం తుడుచుకుంది. "మీకు ఫోటో కావాల. నాకు బిడ్డ కావాల. నిన్న ఆ పెద్దాయన షెడ్డంతా తిరిగినాడు. నా కాడికొచ్చి నిలబడినాడు. నా ముందర కొడవలీ ఉండాది, చాకూ ఉండాది. పిలకాయలు పట్టే చిన్న చాకు. ఇదెవురిదమ్మా అన్నాడు. నాదే అన్నాను. రెండు చేతులతో కోస్తావా అన్నాడు. సమాధానం పెద్దయ్య నన్నే చూస్తా ఉండాడు." ఆమె ఆగింది. "పిల్లలెంతమంది అన్నాడు టీచరమ్మా. నాకు పిల్లల్లేరు సార్ అన్నాను."

"ప్రేమలీలా..."

"బయట అది ఎండలో పడుండాది. గోడకు ఈ పక్క నేను, ఆ పక్క బిడ్డ. వినపడే ఉంటాది దానికి."

కరుణాకుమారి అట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీ బిడ్డ తీసింది. చించుతావో, ఉంచుతావో నీ ఇష్టం."

ప్రేమలీల చాలాసేపు చూసింది. తలల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటుకుంటూ పోయింది. చివరికి వచ్చి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"మా పాప యాడుంది?"

కరుణాకుమారి కింది అంచున నీడను చూపించింది.

ప్రేమలీల అట్టను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం పిల్లలు ఫోటో చుట్టూ మూగారు. "నా మొగం యాడ?" అన్నాడు క్రీస్తుదాసు. "మొగం లేకపోతే నేనని ఎట్ట తెలస్తాది?" ఎలిశబెతు వాడి చొక్కా వెనకున్న మాసిక మీద ఒక్కటేసింది. "దీన్ని చూసి తెలస్తాదిరా." కాసేపు పోట్లాడుకున్నారు. తర్వాత రేపటి పండుగకు ఏం ఇవ్వాలనే మాట వచ్చింది. గుమ్మడికాయ లేదు. ఉన్నది ఇదే. కరుణాకుమారి అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆదివారం పొద్దున కానుకల బల్ల దగ్గర నవోమి తన చేతులతోనే ఆ అట్టను బుట్టలో పెట్టింది. బోర్లా పెట్టింది.

చర్చి ముందు తాటాకు పందిరి వేశారు. వరి కంకుల కట్టలు, నిమ్మకాయల గంపలు, పొట్లకాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, గుడ్లు బల్ల మీదా బల్ల కిందా ఉన్నాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. ఏటా పాట వేసేది సమాధానమే. పాస్టరు గారి గొంతు పందిరి దాటదు. ఎప్పుడో ఒకరి కోడిని ఇంకొకరిదని పాడి గొడవైంది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. వస్తువును పైకెత్తి అందరికీ చూపించాలి. అదేమిటో, ఎవరిదో చెప్పాలి. చెప్పాకే పాట.

"ఇది ఎలిశబెతు వాళ్ళ కోడి!" సమాధానం కోడిని తలకిందులుగా ఎత్తాడు. "నిన్నటిదాకా పక్కింటి గింజలు తిన్నాది. ఇయ్యాల నుంచి దేవుడి కోడి. పాడండి!"

నవ్వులు లేచాయి. కోడి పోయింది. నిమ్మకాయలు పోయాయి. వెంకయ్య తాత పొట్లకాయలు పోయాయి. సమాధానం తర్వాతి బుట్టలో చెయ్యి పెట్టి అట్ట తీశాడు. తిప్పి చూశాడు. చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందన్నా అది?" అన్నారెవరో మగవాళ్ళ వైపు నుంచి.

"ఫోటో. సాయంత్రం బడి వాళ్ళ కానుక. పాడండి."

"వీపు చూపిస్తే ఎట్ట? ఇటు తిప్పు."

సమాధానం తిప్పాడు. జనం మెడలు సాచారు.

"మూటలా అయి?"

"మూటలకు కాళ్ళుంటాయంట్రా?"

"ఏందో చెప్పాల పెద్దయ్యా," అన్నాడు వెంకయ్య తాత. "పోయినేడు నా పొట్లకాయలు ఎవరివో చెప్పేదాకా నువ్వే కదా పాట ఆపినావు. దేనికైనా పద్ధతి పద్ధతే."

సమాధానం జకరయ్య పాస్టరు గారి వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుస్తున్నారు.

"పిలకాయలు," అన్నాడు సమాధానం. "పడుకుని ఉండారు."

"ఎవురి పిలకాయలు?"

వెంకయ్య తాతే ముందుకు వంగి, కళ్ళు చికిలించి చూశాడు. "ఎవరో దేశదిమ్మరోళ్ళ బిడ్డల మాదిరుండారు. మొగాలు లేవు కదా. ఎవరికెరక? పాడండబ్బా, పొద్దుపోతా ఉండాది."

"కాదు," అన్నాడు సమాధానం.

అతను అట్టను దగ్గరికి తెచ్చుకున్నాడు. వేలు పెట్టాడు. "ఇది క్రీస్తుదాసు. చొక్కాకు మాసిక ఉండాది. ఇది ముత్యాలయ్య, వీడి తలలో రెండు సుళ్ళు." గొంతు వేలం గొంతు కాదు. మగవాళ్ళ వైపు మాటలు ఆగిపోయాయి. "ఇది ఎలిశబెతు. ఈ పక్క ఆదిశేషమ్మ, కాలు లోపలికి తిప్పి పడుకుంటాది. ఇది కామాక్షయ్య. ఈ ఇద్దరూ మా పాస్టరు గారు బాప్తిస్మమిచ్చిన..." అక్కడ తడబడ్డాడు, కాని ఆపలేదు. పక్కపక్కనే పడుకున్న ఆ అన్నదమ్ములిద్దరి పేర్లూ చెప్పాడు. చివరి తల దగ్గర వేలు ఆగింది. జడ చూశాడు. ఆ పిల్ల పేరూ చెప్పాడు. "ఎనిమిది మంది. మా షెడ్డు పిలకాయలు."

బల్ల కింద కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది.

ఆడవాళ్ళ చాపల మీద ప్రేమలీల లేచి నిలబడింది.

"నా బిడ్డ పేరు చెప్పలేదే పెద్దయ్యా."

"నీ బిడ్డ ఇందులో పడలేదు కదమ్మా."

"పడలేదు. తీసినాది. ఆ కుప్ప మీదనే నిలబడి తీసినాది. దాని పేరూ చెప్పు."

"కూర్చో ప్రేమలీలా. పాట జరగనీ."

"చెప్పకపోతే పాట లేదంటిరి కదా."

సమాధానం ఆమెను చూశాడు. ఆమె చూపు దించుకోలేదు. చెంగు ఒంటికి చుట్టి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"నవోమి," అన్నాడు.

"ఎవురి బిడ్డ?"

"ప్రేమలీల బిడ్డ."

"నా బిడ్డే." ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు వినపడేలా అంది. "రేపు పొద్దున ఆ పేరు బడిలో టీచరమ్మ పిలస్తాది. మధ్యానం కూడు తిన్నాక మీరు పిలవండి, పనికొస్తాది. అంతకు ముందు పిలవబాకండి."

ఆమె కూర్చుంది. క్రీస్తుదాసు తల్లి కూర్చున్న చోటు నుంచే అంది, "మావోడూ అంతే పెద్దయ్యా." ఇంకెవరో వెనక నుంచి "మా ఇద్దరూ," అన్నారు.

కరుణాకుమారి నవోమి కోసం చూసింది. పిల్ల మొదటి వరసలో మిగతా ఎనిమిది మంది మధ్య కూర్చుని ఉంది. అమ్మ వైపు చూడడం లేదు. తన చేతుల వైపు చూసుకుంటోంది.

"పాట," అన్నాడు సమాధానం. ఆ మాట వెనక వరసలకు వినపడలేదు. "ఎవరు మొదలుపెడతారు?"

ఎవరూ మొదలుపెట్టలేదు. అతను ఇంకోసారి అడగలేదు. ఫోటో జనం వైపు తిరిగి ఉంది. రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్న ఆ అట్టను సమాధానం కిందికి దించలేదు.